చక్రాలు ఆనాలి

మొన్న సింగరాయకొండలో స్వామి దర్శనం చేసుకుని గుంటూరు తిరిగొస్తుంటే, ఒంగోలు దాటాక కారు కింద ఏదో గీసుకుంటున్న చప్పుడు మొదలైంది. అద్దె కారు. డ్రైవరు హైవే పక్కన ఒక షెడ్డు దగ్గర ఆపాడు. నేనూ మా వారూ దిగి బల్ల మీద కూర్చున్నాం. మెకానిక్కు కారుని రెండు ఇనుప స్తంభాల మధ్యకి తోలి, స్తంభాలకున్న చేతుల్ని దాని పొట్ట కిందకి జరిపి మీట నొక్కాడు. కారు లేచింది. లేస్తున్నకొద్దీ నాలుగు చక్రాలూ కిందకి జారి, గాలిలో వేలాడాయి.

నేను లేచి రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాను. చూస్తే మా వారు నాకంటే ముందే అటు తిరిగి ఉన్నారు. పత్తి లోడు లారీలు ఒకదాని వెనక ఒకటి పోతుంటే ఇద్దరం వాటినే చూస్తూ నిలబడ్డాం.

"ఏంటమ్మా, నీడ ఉండగా ఎండలోకొచ్చారు?" అన్నాడు డ్రైవరు.

"ఏం లేదు బాబూ" అన్నాను.

బాబాయిగారు గుర్తొచ్చారు. పోయిన కార్తీకంలో వెళ్ళిపోయిన మనిషి.

ఆయన నాకు సొంత బాబాయి కాదు. గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారి. మా వారు ఆయన కొట్లో గుమాస్తా. పెళ్ళయిన కొత్తలో తలదాచుకునే చోటు లేక తిరుగుతుంటే, ఆయన ఇంటి వెనక వాటా మాకిచ్చారు. అప్పటినుంచీ అక్కడే ఉన్నాం. మా ఆడపిల్లలిద్దరూ అక్కడే పుట్టి, అక్కడినుంచే అత్తారిళ్ళకి వెళ్ళారు. దీపం పెట్టుకునేటప్పుడు దేవుడికి ఎన్నో విన్నవించుకుంటాం గానీ, నేను ముందు చెప్పుకునేది మాత్రం ఆ నీడ గురించే.

బాబాయిగారు ఎవర్నీ అరచేత్తో తాకేవారు కాదు. పొద్దున్నుంచీ మిరపకాయల్లో చేతులు పెట్టే మనిషి. ఎన్నిసార్లు సబ్బుతో రుద్దుకున్నా ఆ మంట వేళ్ళ సందుల్లో ఎక్కడో ఉండిపోతుందనేవారు. మా పిల్లలు పుట్టినప్పుడు చూడ్డానికొచ్చి, చెయ్యి తిరగేసి, వేళ్ళ వెనకవైపుతో బుగ్గ మీద అట్లా రాశారు. జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి పెట్టడమూ అంతే. ఎవరైనా దణ్ణం పెడితే తల మీద చేతి వెనకభాగం ఆన్చి దీవించేవారు. ఆయన సొంత కళ్ళు తుడుచుకోవాల్సి వస్తే మోచేతి పైన, చొక్కా చేతికి తుడుచుకునేవారు. అందుకని ఆయన ఏడ్చారో, ఘాటు తగిలిందో మాకెప్పుడూ తెలిసేది కాదు. ఆయనా చెప్పేవారు కాదు.

ఇంకొకటి. రైతు టిక్కీ, అంటే మిర్చి బస్తా, విప్పితే బాబాయిగారు రంగు చూడకముందే ఒక కాయ తీసి, చెవి దగ్గర పెట్టుకుని ఆడించేవారు. గింజ గలగలలాడితే ఎండినట్టు. లేకపోతే, "ఏవయ్యా, కల్లంలోంచి తొందరగా ఎత్తుకొచ్చావు. మొహమాటంగా ఉంది దీనికి, మాట్లాడట్లేదు" అనేవారు. రైతు ఏదో సర్దిచెప్పబోతే, "నువ్వు కాదు, దాన్నే చెప్పనివ్వు" అనేవారు. యార్డులో మొదలైన ఆ అలవాటు ఇంటిదాకా వచ్చింది. కొబ్బరికాయ, టార్చిలైటు, మందు సీసా, చివరికి మా చిన్నదాని పలక, ఏది చేతికొచ్చినా చెవి దగ్గరికి వెళ్ళాల్సిందే.

"మీ నాన్న నన్ను చూసుకోడానికొచ్చినప్పుడు కూడా ఇట్లాగే ఊపి చూసుంటారురా" అని పిన్నిగారు కొడుకుతో అనేది. పిన్నిగారంటే ఆయన భార్య.

"ఊపాను. గలగలలాడింది. అందుకే తెచ్చుకున్నాను" అనేవారు ఆయన.

కొడుకు ఒక్కడే. నన్ను అక్కా అనేవాడు. చదువయ్యాక తండ్రితో పాటు కొట్లో కూర్చునేవాడు. వాడి కారు గురించే ఈ కథంతా కాబట్టి అది చెప్పాలి. కారు కొంటానన్నప్పుడు బాబాయిగారు తెల్లది కొనుక్కోమన్నారు. వాడు ఎర్రది కావాలన్నాడు.

"రోజంతా చూసేది ఎరుపే కదరా. ఇంటికొచ్చి కూడా ఎరుపేనా?"

"అక్కడ మనం చూసేది అమ్మడానికి నాన్నా. ఇది అమ్మేది కాదుగా."

ఎర్ర కారే వచ్చింది. అందరం పెదకాకాని తీసుకెళ్ళాం, పూజ చేయించడానికి. పంతులుగారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ముందుకి పోనివ్వమంటే, వాడు తల బయటపెట్టి, "అక్కా, ఈ నిమ్మకాయ తొక్కానని టైరుకి ఎట్లా తెలుస్తుందంటావ్?" అన్నాడు. బాబాయిగారు వంగి, చెవి చక్రం దగ్గర పెట్టి, "పగిలిందిరా, చెప్పింది" అన్నారు. గుడి ముందు నిలబడి పిన్నిగారు పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు నేను చూశాను. నాకది చాలా పెద్ద భాగ్యమని అప్పుడు తెలియలేదు.

కారు కొన్న ఏడాదికే, మిర్చి సీజను మంచి ఊపు మీదున్న రోజుల్లో, ఒక పొద్దున వాడు మేడ మీద గదిలోంచి ఎంతకీ దిగి రాలేదు. పిలిస్తే పలకలేదు. బాబాయిగారూ మా వారూ వెళ్ళి తలుపు పగలగొట్టారు. వాడు వేలాడుతూ కనిపించాడు. బాబాయిగారు ఒక్క ఉదుటున వెళ్ళి కొడుకు కాళ్ళు రెండూ కౌగిలించుకుని పైకెత్తారు. ఎత్తి పట్టుకుని, "దించవయ్యా, దించు!" అని మా వారి మీద అరిచారు. మా వారు పైనుంచి విడిపించేదాకా ఆ మనిషి ఆ బరువుని అట్లాగే ఎత్తి పట్టుకునున్నారు. నేను పట్టుకుంటున్నా విదిలించుకుని పిన్నిగారు మెట్లెక్కింది. ఆవిడ గుమ్మంలోకి వెళ్ళేసరికి కళ్ళబడింది అదే. భర్త కొడుకుని ఎత్తి పట్టుకుని నిలబడి ఉండటం.

అప్పటికే అంతా అయిపోయి ఉందని డాక్టరు చెప్పాడు.

ఎందుకు అన్నదానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. ఉండుంటే ఆ జవాబుని తిట్టుకుంటూ బతికేవాళ్ళం. లేదు కాబట్టి ఇంట్లో మిగిలిన ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ బతికారు. బాబాయిగారు ఆ రోజు సాయంత్రం మా గుమ్మం ముందు కూలబడి, "కాళ్ళు ఆనలేదమ్మాయ్" అన్నారు. ఆ తరువాత ఆ విషయం ఆయన నోట నేను వినలేదు.

పిన్నిగారు మాత్రం అంది. మొదట్లో ఏడుస్తూ, తరువాత్తరువాత ఏడవకుండా. "ఎత్తుకుని నిలబడ్డారు. దించాల్సింది పోయి ఎత్తుకుని నిలబడ్డారు. వెంటనే దించుంటే నా బిడ్డ బతికేవాడు." కూర తరుగుతూ అనేది. దేవుడి గదిలోంచి వస్తూ అనేది. ఆయన వినేలాగే అనేది. ఆయన వినేవారు. విని, కండువా భుజాన వేసుకుని యార్డుకి వెళ్ళిపోయేవారు. మా వారు ఒకసారి, "పిన్నిగారూ, అది కాదండీ" అని మొదలుపెట్టబోతే, బాబాయిగారు చేతి వెనకభాగం మా వారి ఛాతీకి ఆన్చి ఆపేశారు.

"అననివ్వవయ్యా. అనుకోడానికి ఏదో ఒకటుండాలిగా దానికి."

కారు పోర్టికోలో ఉండిపోయింది. వీధి తలుపు తీస్తే ఎదురుగా అదే. పిన్నిగారికి ముద్ద దిగేది కాదు. "ఆ బండిని నా కళ్ళముందునుంచి తీసెయ్యండి" అంది. కొనడానికి మనుషులు వచ్చారు. బాబాయిగారు వాళ్ళకి మజ్జిగ ఇప్పించి, "ఇది అమ్మేది కాదండీ" అని పంపించేశారు. కవరు కప్పించారు. పిన్నిగారు తలుపు తీసి చూసి, "ముసుగేసి పడుకోబెట్టినట్టుంది" అని లోపలికెళ్ళి వాంతి చేసుకుంది. ఆ సాయంత్రమే కవరు తీసేశారు. ఊరి బయట తెలిసినవాళ్ళ కోల్డ్ స్టోరేజీ ఆవరణలో పెట్టించారు. అప్పుడు ఆయనకి ముద్ద దిగడం మానేసింది. యార్డు నుంచి అటే వెళ్ళి, చీకటిపడేదాకా ఆ కారు పక్కన నిలబడి వచ్చేవారు. మళ్ళీ ఇంటికే తెచ్చారు.

అట్లా ఉండగా ఒంగోలులో ఒక గ్రానైటు వ్యాపారి ఇంట్లో పెళ్ళికి వెళ్ళినప్పుడు, ఆ ఇంటి షెడ్డులో ఒక కారు మీద ఇంకో కారు చూశారు. కింద ఒకటి, లిఫ్టు మీద ఒకటి. తిరిగొచ్చి నేను పూలు కోసుకుంటుంటే నా దగ్గరికొచ్చారు.

"అమ్మాయ్, పైకెత్తి పెడితే మీ పిన్ని కళ్ళకి కనపడదు కదా? ఇంట్లోనే ఉంటుంది, కనపడదు. ఏమంటావ్?"

నేనేమంటాను? "మీకు మనశ్శాంతి అనిపిస్తే చేయించండి బాబాయిగారూ" అన్నాను. ఆయన మొహంలో అంత ఆశ చూసి చాలాకాలమైంది.

"ఆయన ఒక్కరే వెళ్తే ఏదో ఒకటి తలకి చుట్టుకొస్తారు, నువ్వు కూడా వెళ్ళమ్మా" అని పిన్నిగారు నన్ను పంపింది. కారు కంటికి కనపడకుండా పోతుందన్న ఒక్క మాటకే ఆవిడ ఒప్పుకుంది. మా వారు, నేను, బాబాయిగారు ఆటోనగర్ వెళ్ళాం. లిఫ్టులు అమ్మే ఆయన మంచి మాటకారి. మొదట రెండు స్తంభాలది చూపించాడు.

"ఇంట్లో షెడ్డుకైతే దీన్ని మించింది లేదు సార్. జాగా తక్కువ పడుతుంది. కింద మొత్తం ఖాళీ."

బాబాయిగారు వేళ్ళ కణుపులతో స్తంభం మీద కొట్టి చెవి ఆన్చారు. అమ్మే ఆయన మా వారి వంక చూశాడు. మా వారు, "దాన్నే చెప్పనివ్వండి, ఆయన పద్ధతది" అన్నారు. అందరం కొంచెం నవ్వాం. బాబాయిగారు కూడా నవ్వారు.

"ఊఁ. ఎత్తి చూపించండి."

అక్కడ ఉన్న ఒక కారుని పైకెత్తారు. చక్రాలు కిందకి జారి వేలాడాయి.

బాబాయిగారి చెయ్యి ఇంకా ఆ స్తంభం మీదే ఉంది. మా వారు గేటు వైపు తిరిగిపోయారు.

"దించండి" అన్నారు బాబాయిగారు.

"ఏమైంది సార్?"

"చక్రాలు..."

"అదా! ఏ కారైనా అంతే సార్. ఒళ్ళు పట్టుకుని ఎత్తితే చక్రాలు వేలాడతాయి. దాంతో నష్టమేం లేదు."

"ముందు దించండి మీరు."

బయటికొచ్చి అరుగు మీద కూర్చున్నారు. మోచేతి పైన చొక్కాకి మొహం తుడుచుకున్నారు. ఆ రోజు యార్డుకి వెళ్ళలేదు. చేతులకి ఘాటు లేదు. మంచినీళ్ళు ఇస్తే తాగారు. అమ్మే ఆయన వెనకే వచ్చి, పోయేటట్టున్న బేరాన్ని ఎట్లా నిలబెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు.

"వేలాడకూడదండీ" అన్నారు బాబాయిగారు, మెల్లిగా. "చక్రాలు ఆనాలి. అట్లాంటిది ఉందా?"

"నాలుగు స్తంభాలది ఉంది సార్. కారు పొడుగునా రెండు ఇనుప పలకలుంటాయి. చక్రాలు వాటిమీదే నిలబడతాయి, రోడ్డు మీద ఉన్నట్టే. కాకపోతే జాగా ఎక్కువ కావాలి, రేటూ ఎక్కువే. మీరు రిపేర్లు చేయించేది లేదంటున్నారు కదా, ఊరికే పెట్టడానికి అంతది ఎందుకు?"

"నాలుగూ ఆనతాయా?"

"ఆనతాయి సార్. కారుకి మంచం వేసినట్టు ఉంటుంది" అని నవ్వాడు.

"మంచమే అనుకోండి. అదివ్వండి."

చెవి పెట్టి వినలేదు. రేటు అడగలేదు. జన్మలో ఆయన బేరమాడకుండా కొన్న వస్తువు అదొక్కటే అంటారు మా వారు.

షెడ్డు మా వాటా పక్కనే, వెనక దొడ్లో వేయించారు. పిన్నిగారు అటు రాదు కాబట్టి. ఇక్కడి నేల సంగతి తెలిసిందే, నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. "నాలుగు కాళ్ళలో ఏ ఒక్కటి కుంగినా కారు ఒరిగిపోతుంది బాబాయ్, ఈ మట్టిని నమ్మకూడదు" అన్నాడు మేస్త్రీ. నల్లమట్టి లోతుగా తవ్వి తీయించి, గ్రావెల్ నింపించి, దాని మీద కాంక్రీటు పోయించారు. అది చాలదని, తరువాత ప్రతి వానకీ బాబాయిగారు గ్లాసుడు నీళ్ళు తెచ్చి ఆ గచ్చు మీద పోసి, ఎటు పారుతున్నాయో వంగి చూసేవారు.

బిగించిన రోజు స్తంభాలకి పసుపు రాసి బొట్లు పెట్టమన్నారు. పెట్టాను. అలవాటు కొద్దీ నిమ్మకాయలు కూడా తెచ్చాను.

"అవొద్దమ్మాయ్. చక్రానికీ పలకకీ మధ్యలో ఏదీ వద్దు" అన్నారు.

మా వారు కారుని పలకల మీదకి ఎక్కించారు. బిగించడానికొచ్చిన మనిషి మీట నొక్కితే అది లేచింది. ఎర్రగా, మెల్లగా, మా వంటింటి కిటికీకి ఎదురుగా లేచింది. మనిషి తలకి కొంచెం పైన ఆగి, టక్కుమని లాకు పడింది. చక్రాలు నాలుగూ పలకల మీద నిలబడి ఉన్నాయి. బాబాయిగారు చుట్టూ తిరిగి ఒక్కొక్కటీ చూసుకున్నారు.

బిగించిన మనిషి అప్పుడు దించే పద్ధతి చెప్పాడు. "ఒక్కటి గుర్తుపెట్టుకోండి సార్. దించేటప్పుడు నేరుగా దిగదు. బరువంతా లాకు మీద ఉంటుంది కదా. ముందు కొంచెం పైకెత్తాలి. ఎత్తి పట్టుకుంటేనే లాకు వదులవుతుంది. అప్పుడు దించాలి."

"తెలుసు" అన్నారు బాబాయిగారు.

"మీ ఇంట్లో ఇంతకుముందు ఉందా సార్, ఇట్లాంటిది?"

మా వారు ఆ మనిషి చేతిలో మజ్జిగ గ్లాసు పెట్టి, బయటికి తీసుకెళ్ళారు. నేను పసుపు చేతుల్తో అట్లాగే నిలబడిపోయాను. పిన్నిగారు ఇన్నాళ్ళూ అంటున్న మాటకి జవాబు అదే. అది ఆయనకి తెలుసు. మా వారికి తెలుసు. ఆ క్షణాన నాకూ తెలిసింది. తెలిసినా ఆవిడ దగ్గరికి వెళ్ళి చెప్పడం నా వల్ల కాలేదు. ఆయన వద్దన్నారు కాబట్టి మా వారి వల్లా కాలేదు. ఆయన మాత్రం ఆ రోజు తరువాత దించే మీట ముట్టుకోలేదు.

"అప్పుడప్పుడూ దించి స్టార్టు చెయ్యకపోతే ఇంజను పాడైపోతుంది బాబాయిగారూ" అని మా వారు అంటే, "పోనీవయ్యా" అనేవారు.

పిన్నిగారు ఒక్కసారే వచ్చి చూసింది. తల పైకెత్తి చాలాసేపు చూసి, "ఇన్నాళ్ళూ కళ్ళెదురుగా ఉండేదాన్ని ఇప్పుడు తెచ్చి నెత్తిమీద పెట్టారు" అని వెళ్ళిపోయింది. మళ్ళీ అటు అడుగు పెట్టలేదు. కానీ ఆ రోజునుంచి ఇంట్లో రెండు పూటలా పొయ్యి వెలిగింది. దానికి కూడా నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. కొన్ని కష్టాలకి అంతకంటే ఏం అడుగుతాం.

నాకు బళ్ళో చదువు లేదు. మా నాన్నగారు ఇంట్లోనే అక్షరాలు నేర్పించారు, పద్యాలు చెప్పించారు. వాటన్నిటికంటే ముందు నేర్పింది ఒకటుంది. పొద్దున్నే మంచం దిగేముందు నేలని తాకి కళ్ళకద్దుకోవడం. కాలు పెడుతున్నందుకు భూదేవిని క్షమించమని అడగాలమ్మా, అనేవారు. చిన్నప్పటినుంచీ అట్లాగే అడిగాను. బాబాయిగారు మా గుమ్మంలో కాళ్ళు ఆనలేదన్న సాయంత్రం తరువాత నాకు క్షమించమనడం రాలేదు. కాలు ఆనగానే, "ఆన్చుకున్నావు తల్లీ" అంటాను. ఇప్పటికీ అదే అంటున్నాను.

ఇక ఆయన రోజూ చేసిందొకటే. యార్డుకి బయల్దేరేముందు షెడ్డులోకి వచ్చేవారు. చెయ్యి పైకెత్తి, వేళ్ళ వెనకవైపు ముందు చక్రానికి ఆన్చి కాసేపు ఉండేవారు. ఒకప్పుడు మా పిల్లల బుగ్గలకి ఆన్చినట్టే. ఆయన నిలబడే వైపు నుంచి రెండు చక్రాలే కనపడతాయి. అవతలి రెండూ మా వంటింటి కిటికీ లోంచి కనపడతాయి. అందుకని నన్నడిగేవారు.

"అమ్మాయ్, ఆనిందా?"

"ఆనింది బాబాయిగారూ."

అంతే, వెళ్ళిపోయేవారు. వానలో గొడుగేసుకుని వచ్చి అడిగారు. జ్వరంతో మఫ్లరు చుట్టుకుని వచ్చి అడిగారు. నేను పుట్టింటికెళితే మా వారిని కిటికీ దగ్గర నిలబెట్టి అడిగేవారట. ఒకసారి పొయ్యి మీద పాలు పొంగుతుంటే కంగారులో నేను చూడకుండానే ఆనిందనేశాను. ఆయన కదల్లేదు. "పాలు దించుకో అమ్మాయ్. దించుకుని చూసి చెప్పు" అన్నారు.

మిరప దుమ్ము ఛాతీలో పేరుకుందని డాక్టర్లు చెప్పారు. దగ్గుతో మంచాన పడ్డారు. ఎక్కువ రోజులు కష్టపెట్టకుండా కార్తీకమాసంలో ఒక మధ్యాహ్నం వెళ్ళిపోయారు. మంచం మీదనుంచి దించి నేల మీద పడుకోబెట్టారు. అందరూ మొహం చూసి ఏడుస్తుంటే నేను పాదాల దగ్గర కూర్చున్నాను. మడమలు రెండూ గచ్చుకి ఆని ఉన్నాయి. చూసుకున్నాను. పిన్నిగారు ఏడవలేదు. కొడుకు విషయంలో ఆయన్నేమనేదో ఆ మాట కూడా అనలేదు. వినే మనిషి లేకపోయాక దాన్ని ఎటు విసరాలో ఆవిడకి తెలియలేదనిపించింది.

మొన్న మేం ఇల్లు చేరేసరికి పిన్నిగారు వరండాలో కూర్చుని ఉంది. ప్రసాదం చేతిలో పెట్టాను.

"ఇంత ఆలస్యమైందేం?"

"దారిలో కారు ఆగిందండీ. షెడ్డులో పైకెత్తి బాగుచేశారు" అన్నారు మా వారు. అనేసి తల దించుకున్నారు.

ఆవిడ ప్రసాదం నోట్లో వేసుకోలేదు.

"పొద్దున్నే దాన్ని దించవయ్యా" అంది. "ఆయన లేనప్పుడు పైన ఎవరికోసం? కింద ఉండనీ. నా కళ్ళెదురుగానే ఉండనీ."

తెల్లారి స్నానం చేసి, దీపం పెట్టి, ఆవిడే షెడ్డులోకి వచ్చింది. నేను పక్కన నిలబడ్డాను. చక్రాల్లో గాలి ఏనాడో పోయింది. కారు నిండా మట్టి. ముందు చక్రం మీద ఒక్కచోట మాత్రం మట్టి పలచగా ఉంది, చేతి వెనకభాగమంత మేర. పిన్నిగారు దాని వంకే చూస్తోంది.

మా వారు మీట నొక్కారు. మోటారు మూలిగింది. కారు పైకి కదిలింది.

"పైకెందుకయ్యా?" పిన్నిగారు గట్టిగా అరిచింది. "దించమన్నాను! దించమంటే ఎత్తుతావేం?"

మా వారి వేలు మీట మీదే ఉంది. దించమన్న ఆ అరుపు ఆయన ఒకసారి మేడ మీద గదిలో విన్నదే, నాకు తెలుసు. నేనే చెప్పాను.

"ముందు ఎత్తాలి పిన్నిగారూ. బరువు పైకెత్తి పట్టుకుంటేనే లాకు వదులయ్యేది. ఎత్తకుండా దించడం కుదరదు."

ఆవిడ నా వంక చూసింది. తరువాత మా వారి వంక చూసింది. మా వారు కళ్ళు ఎత్తలేదు. పైన ఎక్కడో టక్కుమంది.

పిన్నిగారు గోడకి చెయ్యి ఆన్చుకుంది. మాట్లాడింది మాతో కాదు, ఆయనతో.

"ఒక్కసారి చెప్పుండకూడదా మీరు" అంది. "ఇన్నేళ్ళు అంటుంటే... ఒక్కసారి చెప్పుండకూడదా."

"దించమంటారా పిన్నిగారూ?" అన్నారు మా వారు.

తలూపింది. ఊపి, రెండు కళ్ళూ గట్టిగా మూసుకుంది. కారు దిగడం మొదలైంది. బిగించిన నాడు లేచినంత మెల్లగానే దిగింది. దిగి, పలకలు గచ్చుని తాకి, మోటారు ఆగిపోయింది.

"ఆనిందా?" అంది పిన్నిగారు, కళ్ళు మూసుకునే.

నేను అటువైపు వెళ్ళి, వంగి, అవతలి రెండు చక్రాలూ చూశాను. చూశాకే చెప్పాను.

"ఆనింది పిన్నిగారూ."